చేతికి రుచి వచ్చింది, వంటింటికి పద్ధతి రావాలి

విజయవాడ నుంచి 38 ఏళ్ల పాఠకుడొకరు పేరు బయటపెట్టవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. ఆయన ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగి, భార్య ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, వారికి ఇద్దరు పిల్లలు. రెండేళ్ల క్రితం ఆవిడకు షిఫ్టు డ్యూటీలు పడినప్పుడు, అంతవరకు టీ కాచుకోవడం తప్ప మరేమీ ఎరుగని ఈయన ఫోనులో వీడియోలు చూస్తూ వంట నేర్చుకుని ఇంటి వంట మొత్తం తన మీద వేసుకున్నారు. గుత్తివంకాయ, చేపల పులుసు, కోడి పులావు బాగానే కుదురుతున్నాయని, ఇంటికి వచ్చిన చుట్టాలు మెచ్చుకునే వెళ్తున్నారని రాశారు. అయితే గోంగూర పప్పు ఎన్ని విజిళ్లు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటోందని, పోపు తరచూ మాడుతోందని, వంట ముగిసేసరికి వంటింట్లో అడుగుపెట్టే వీలు ఉండడం లేదని కూడా దాచకుండా చెప్పారు.

మామగారు పోయిన తర్వాత, కిందటి ఏడాది నుంచి, అత్తగారు వీరి దగ్గరే ఉంటున్నారు. ఆవిడ అల్లుడిని ఒక్క మాట కూడా అనరు. కానీ ఆయన కడిగిపెట్టిన గిన్నెను మళ్లీ కడుగుతారు. ఆయన వండిన కూర ముట్టుకోకుండా పెరుగన్నంలో ఊరగాయ నంజుకుని లేచిపోయే రోజులే ఎక్కువ. చెప్పదలచుకున్నది కూతురి చెవిన వేస్తారు: కోడిమాంసం కోసిన పీట మీదే టమాటాలు తరుగుతున్నారని, గరిటె నోట పెట్టుకుని మళ్లీ గిన్నెలో ముంచుతున్నారని, ఒకే గుడ్డతో చేతులు, పొయ్యి గట్టు, కంచాలు తుడుస్తున్నారని, రాత్రి అంట్లు తెల్లవారేదాకా సింకులోనే ఉంటున్నాయని. పోయిన నెలలో ఒకరోజు, ఉదయం వండిన అన్నం మిగిలి కుక్కర్‌లోనే ఉండిపోతే, రాత్రి దానితో గుడ్డు వేసి ఫ్రైడ్ రైస్ చేశారు. తిన్న రెండు మూడు గంటల్లోనే ఆరేళ్ల అబ్బాయికి వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు తిండి తేడా చేసి ఉంటుందన్నారు, మర్నాటికి పిల్లవాడు తేరుకున్నాడు. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన భార్య మాత్రం ‘అమ్మ ముందునుంచీ చెబుతూనే ఉంది’ అన్నారట. ఆ మాట తర్వాత ఈయన పొయ్యి ముట్టించలేదు. కూరలు కర్రీ పాయింటు నుంచి వస్తున్నాయి, అన్నం అత్తగారు వండుతున్నారు. ‘ఆవిడ చెప్పేవాటిలో అవసరమెంత, చాదస్తమెంత? వంటిల్లు ఆవిడకే అప్పగించాలా, వంటమనిషిని పెట్టుకోవాలా, నేనే కొనసాగాలా? నా భార్యతో ఈ విషయం ఎలా మాట్లాడాలి?’ అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆరోగ్యానికి సంబంధించిన జాగ్రత్తలు ఒకటి, పని సులువుగా సాగడానికి కావలసిన పద్ధతులు రెండవది, ఇంట్లో మనుషులు ఒకరి మనసు ఒకరు గౌరవించుకోవడం మూడవది. మొదటిదానిలో బేరం లేదు. రెండవది మీ సౌకర్యం కోసం. మూడవదానిలో మాత్రమే సర్దుబాటుకు చోటుంది. అన్నిటినీ కలిపి ‘అత్తగారి అభ్యంతరాలు’ అని ఒకే పేరు పెట్టుకోవడం వల్ల అవసరమైనవి కూడా మీకు నిందలుగా వినిపిస్తున్నాయి.

వీడియోల ద్వారా నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వీడియోలో వంట మధ్యభాగం మాత్రమే కనిపిస్తుంది. ఉల్లిపాయలు అప్పటికే తరిగి గిన్నెలో ఉంటాయి, మాంసం అప్పటికే కడిగి ఉంటుంది, చివర పళ్లెంలో కొత్తిమీర చల్లగానే ముగిసిపోతుంది. పీట ఎప్పుడు కడిగారు, చెయ్యి ఎక్కడ తుడుచుకున్నారు, మిగిలింది ఎక్కడ పెట్టారు అన్నవి ఎవరూ చూపించరు. తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పెరిగిన పిల్లలకు ఇవి ఎవరూ నేర్పకుండానే వస్తాయి. మీకు ఆ అవకాశం దొరకలేదు. కాబట్టి మీకు వంట రాదని అనుకోనక్కరలేదు. వంటకు ముందూ వెనకా ఉండే పనులే నేర్చుకోవలసి ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అన్నం సంగతి, మీ అత్తగారి జాబితాలో లేనిది కూడా అదే. ఆ రాత్రి పిల్లవాడి వాంతులకు అదే కారణమని పరీక్షలేవీ లేకుండా ఎవరూ తేల్చి చెప్పలేరు, కాబట్టి ఆ నేరం మీరు నెత్తిన వేసుకుని తిరగనక్కరలేదు. కానీ ఆ పద్ధతి ప్రమాదకరమైనదే. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండటం మామూలు. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే ఆ బీజాలు మొలకెత్తి, పెరిగి, ఒక విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి లొంగదు. రాత్రి మీరు పెనం పొగలు కక్కేలా వేయించినా అది అలాగే ఉంటుంది. అటువంటి అన్నం తిన్నవారికి సాధారణంగా అరగంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలై, ఒక రోజులో తగ్గిపోతాయి. ‘బాగా వేడిచేశాను కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

వండిన పదార్థం ఏదైనా 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతలో ఉన్నంతసేపూ క్రిములు పెరుగుతూనే ఉంటాయి. అందుకే రెండు గంటలకు మించి బయట ఉంచకూడదంటారు. విజయవాడ మే నెల ఎండల్లో అయితే గంటే లెక్కపెట్టుకోండి. రాత్రికి కూడా ఉండాలనుకుంటే, ఉదయం అన్నం వార్చగానే లేదా కుక్కర్ మూత తీయగానే రాత్రి భాగాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, ఆవిరి పోయిన వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కుక్కర్ గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మర్నాటికి మించి దాచవద్దు, ఒక్కసారే వేడిచేయండి. ఇంతకంటే సులువైన దారి, ఏ పూటకు ఆ పూట సరిపడా కొలిచి వండుకోవడం. పావుగంటలో అయ్యే పనికి పిల్లల కడుపుతో పందెం కాయనక్కరలేదు.

‘మా అమ్మమ్మలు చద్దన్నం తినలేదా’ అని మీకు అనిపించవచ్చు. తిన్నారు. అయితే మిగిలిన అన్నంలో నీళ్లో, మజ్జిగో, గంజో పోసి ఉంచేవారు, అది తెల్లవారేసరికి పులిసేది. ఆ పులుపు చాలా రకాల క్రిములను ఎదగనివ్వదు. పులిహోర ప్రయాణాలకు కట్టుకుని వెళ్లే అలవాటు వెనక కూడా చింతపండు పులుపే ఉంది. మూసిన కుక్కర్‌లో ఉదయం నుంచి రాత్రి వరకు పడి ఉన్న ఉత్త అన్నానికి ఆపాటి కాపు కూడా లేదు.

ఇక పీట సంగతి. ఇక్కడ మీ అత్తగారు నూటికి నూరుపాళ్లు సరిగా చెప్పారు. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి క్రిములు ఉండటం సాధారణం. మాంసం ఉడుకుతుంది కాబట్టి దానితో వచ్చేవి దానితోనే చస్తాయి. అదే పీట మీద తరిగి పచ్చిగా పెరుగుపచ్చడిలో కలిపిన టమాటా ఉడకదు. మాంసానికి వేరే పీట, వేరే కత్తి పెట్టుకోండి. ఒకదానికొకటి మారిపోకుండా రంగు తేడా ఉన్నవి కొంటే ఇంకా మంచిది. కూరగాయలన్నీ ముందు తరిగి పక్కన పెట్టి, మాంసం చివర్లో ముట్టుకోండి. ముట్టుకున్న చేత్తో కారం డబ్బా మూత తీయకండి, కావలసిన ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముందే ఒక గిన్నెలోకి తీసుకోండి. కోడిమాంసాన్ని ధారగా పడే కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు పక్కనున్న కంచాల మీద, కొత్తిమీర మీద పడతాయి. మన దుకాణాల్లో కొట్టి ఇచ్చే మాంసాన్ని కడగకుండా వండడానికి మనసొప్పదు కాబట్టి, లోతైన గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా వంచి, తర్వాత సింకును సబ్బుతో తోమండి. ఫ్రిజ్‌లో పచ్చిమాంసం ఎప్పుడూ మూతపెట్టి అన్నిటికన్నా కింది అరలో ఉండాలి, నీరు కారినా మరొకదాని మీద పడదు. గడ్డకట్టిన మాంసాన్ని కూడా ముందురోజు రాత్రే ఆ కింది అరలోకి దించుకుంటే సరి, గట్టు మీద మధ్యాహ్నమంతా ఉంచవద్దు.

మీ అత్తగారు శనివారాలు, కార్తీకమాసం పాటిస్తారని రాశారు. ఆవిడ పీట గురించి బాధపడటానికి కారణం క్రిములు కాకపోవచ్చు, నీచు ముట్టిన పీట మీద తన కూర తరగడం ఆవిడకు సమ్మతం కాదు. కారణాలు వేరైనా ఇద్దరికీ కావలసింది ఒక్కటే. రెండో పీట కొన్నరోజున ఈ గొడవ పూర్తిగా తీరిపోతుంది, ఎవరి నమ్మకం సరైనదో తేల్చనక్కరలేదు.

గుడ్డ విషయం కూడా అంతే స్పష్టం. తడిసిన గుడ్డ, నూనె పట్టిన స్పాంజి క్రిములకు ఇష్టమైన చోట్లు. చేతులకొకటి, గట్టుకొకటి, కడిగిన గిన్నెలకొకటి, మొత్తం మూడు పాత నూలుగుడ్డలు చాలు. రాత్రి ఉతికి ఆరేస్తే ఉదయానికి పొడిగా ఉంటాయి. వేడి గిన్నెలు దించడానికి మాత్రం తడిగుడ్డ వాడకండి, తడి గుండా వేడి క్షణంలో చేతికి తగులుతుంది. పట్టకారు అలవాటు చేసుకోండి. రాత్రి అంట్లకు పనిమనిషి ఉదయం వస్తుందంటున్నారు కాబట్టి అన్నీ మీరే తోమనక్కరలేదు. మెతుకులు, ముళ్లు తీసి చెత్తబుట్టలో వేసి, ఒకసారి నీళ్లతో తొలిచి పెడితే బొద్దింకలు చేరవు, వాసన రాదు.

ఎంగిలి గరిటె దగ్గర ఆరోగ్యం కంటే మర్యాద పాలు ఎక్కువ. మరిగే పులుసులో ముంచిన గరిటె వల్ల వచ్చే ముప్పు పెద్దది కాదు, కానీ దించిన తర్వాత పెరుగుపచ్చడిలోనో, చల్లారిన కూరలోనో నోటిలో పెట్టిన చెంచా ముంచితే అది త్వరగా పాడవుతుంది, మీకు జలుబుంటే పిల్లలకు అంటుతుంది. ఈ లెక్కలన్నీ పక్కనపెట్టినా, ఎంగిలి పట్టింపు ఉన్న పెద్దమనిషి అదే గిన్నెలోది తినాలి కదా. దీనికి మన ఇళ్లలో చక్కని ఉపాయం ఉంది. గరిటెతో కొద్దిగా పులుసు తీసి, ఒక్క క్షణం ఊది చల్లార్చి, గరిటె చేతికి తగలకుండా ఎడమ అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని నాలుకకు అద్దుకుని, చెయ్యి కడుక్కోవాలి. గరిటె ఎంగిలి కాదు, చెంచాలు పోగుపడవు, ఉప్పు తెలిసిపోతుంది. ఇంకొకటి, ఆవిడ పూజ రోజుల్లో నైవేద్యానికి చేసే వంట అసలు రుచి చూడరు. ఆ రోజులకు ఉప్పు, పులుపు కొలతలు మీకు రాసిపెట్టుకుని ఉండాలి. కాబట్టి ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, అరకిలో వంకాయలకు ఎంత ఉప్పు పట్టింది, గ్లాసు పప్పుకు ఎన్ని నీళ్లు పోశారు అన్నవి వండిన రోజే రాసుకోండి. సొంతంగా నేర్చుకున్నవారికి ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

ఇక మీరు గానీ అత్తగారు గానీ ప్రస్తావించనివి కొన్ని చెప్పాలి, ఎందుకంటే సొంతంగా నేర్చుకున్నవారి వంటింట్లో నాకు ఎక్కువ భయం వీటి గురించే. ప్రెజర్ కుక్కర్ మూత ప్రతిసారీ వెలుతురుకు పట్టుకుని ఆవిరి గొట్టం గుండా అవతలివైపు కనిపిస్తోందో లేదో చూడండి. పప్పు నురగ గానీ, ఒక కరివేపాకు గానీ అడ్డుపడితే ఆవిరికి దారి ఉండదు. పప్పులు నురగ పెడతాయి, బియ్యం ఉబ్బుతుంది కాబట్టి ఇవి నీళ్లతో కలిపి సగానికి మించకూడదు, మిగతావి మూడింట రెండు వంతుల వరకు పోయవచ్చు. రబ్బరు వదులైనా, బీటలు పడినా మార్చేయండి. ఆవిరి తనంతట తాను దిగేదాకా మూతతో కుస్తీ పట్టకండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి, లైటు గానీ ఫ్యాను గానీ వేయవద్దు, ఆర్పవద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, నేలబారున చేరి ఉంటుంది. బయటకు వచ్చి 1906కు ఫోను చేయండి. బాణలిలో నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి పెద్ద మూత బోర్లించాలి, నీళ్లు మాత్రం చల్లకూడదు. ఈ మాటలు పదకొండేళ్ల మీ అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.

పోపు మాడటం, వంటిల్లు చిందరవందర కావడం, రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి. మీరు నూనె పెట్టిన తర్వాత ఉల్లిపాయ వెతుకుతున్నారు. పోపు ఒక నిమిషంలో ముగిసే పని, ఆ నిమిషంలో మీ రెండు చేతులూ దానికే ఉండాలి. పొయ్యి వెలిగించకముందే పోపులపెట్టె మూత తీసి పెట్టుకోండి. ఇంగువ డబ్బా పక్కన ఉండాలి, కరివేపాకు దూసి, తడి లేకుండా తుడిచి ఉండాలి, తడిగా వేస్తే మొహం మీదకు చిట్లుతుంది. నూనె కాగాక శనగపప్పు, మినపప్పు ముందు వేయండి, అవి వేగడానికి సమయం పడుతుంది. అవి కాస్త రంగు తిరుగుతుండగా ఆవాలు వేయాలి. ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి పడాలి. మిరపకాయ ముదురు ఎరుపుకు తిరిగి ఘాటు ముక్కుకు తగిలిన క్షణమే మంట తగ్గించి ఇంగువ, కరివేపాకు వేసి దించేయాలి. బాణలి వేడికే మిగిలింది వేగుతుంది. మినపప్పు బంగారురంగు వచ్చేదాకా పొయ్యి మీదే ఉంచితే దించేసరికి నల్లబడుతుంది. మీ పోపు మాడేది ఇక్కడే అనుకుంటాను.

గోంగూర పప్పు ఉడకకపోవడానికి కారణం విజిళ్లు తక్కువ కావడం కాదు. పులుపు తగిలితే కందిపప్పు మెత్తబడదు. గోంగూర, చింతపండు, టమాటా పప్పుతో కలిపి ఒకేసారి కుక్కర్‌లో వేస్తే ఇలాగే పలుకు మిగులుతుంది. పప్పు విడిగా మెత్తగా ఉడికాక, గోంగూర విడిగా మగ్గించి కలిపి చూడండి. కానీ ఈ సంగతి నేను చెప్పాక కూడా, మీ అత్తగారిని అడగమని నా సలహా. అడిగే పద్ధతిలోనే సగం సమస్య పరిష్కారమవుతుంది.

ఆవిడ మీతో నేరుగా చెప్పకపోవడాన్ని మీరు చిన్నచూపుగా తీసుకున్నారు. మన కుటుంబాల్లో ఆ తరం అత్తగారు అల్లుడిని తప్పుపట్టరు, అది మర్యాద కాదని వారి పెంపకం. పైగా భర్తను పోగొట్టుకుని కూతురింట ఉంటున్న మనిషి, అల్లుడి వంటకు వంక పెట్టినట్లు కనపడకూడదని మరింత ఒదిగి ఉంటారు. గిన్నె మళ్లీ కడగడం, పెరుగన్నంతో సరిపెట్టుకోవడం ఆవిడకు మిగిలిన దారులు. ఆ ఒదుగుదల వల్ల మీ భార్య మధ్యవర్తి కావలసి వచ్చింది, అందులో ఎక్కువ నలిగింది ఆవిడే. మీరే చొరవ తీసుకుని, ‘అత్తయ్యగారూ, గోంగూర పప్పు నాకు కుదరడం లేదు, మీరు ఎలా చేస్తారో దగ్గరుండి చెప్పండి’ అని అడగండి. ‘నా వంటలో మీకు నచ్చనిదేమిటి’ అని మాత్రం అడగవద్దు, ఆవిడ ‘ఏమీ లేదు బాబూ’ అని ఊరుకుంటారు, మీరు మళ్లీ మొదటికి వస్తారు. పప్పు దగ్గర మొదలైన మాట పీట దాకా దానంతట అదే వస్తుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘ఆడవాళ్లు వండితే ఎవరైనా ఇలా తప్పులు పడతారా’ అని రాశారు. పడతారు. ఈ దేశంలో కోడళ్లు తరతరాలుగా ఉప్పు దగ్గర, పోపు దగ్గర, మిగిలిన అన్నం దగ్గర ఇంతకన్నా కఠినమైన మాటలు పడి వంట నేర్చుకున్నారు, వారికి రెండు రోజులు అలిగి పొయ్యి మానేసే వీలు కూడా ఉండేది కాదు. ఇది మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. మగవాడు కాబట్టి తనను వేరుగా చూస్తున్నారన్న బాధను పక్కనపెడితే, మిగిలిన విమర్శ చాలా తేలికైపోతుందని చెబుతున్నాను. మీరు చేస్తున్న పని మంచిది, అవసరమైనది, అందుకే దాన్ని పూర్తిగా నేర్చుకోవాలి.

మీ ముందున్న దారులు చూద్దాం. వంటిల్లు అత్తగారికి అప్పగిస్తే రేపటి నుంచే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. కొందరు పెద్దవాళ్లకు ఆ పని ఒక ఊరట కూడా, చేతికి పని దొరికితే దుఃఖం కాస్త పక్కకు జరుగుతుంది. కానీ రెండు పూటలా ఐదుగురికి నిలబడి వండే భారం ఆ వయసులో చిన్నది కాదు, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి మీరే రాశారు. ఆవిడ కాదనలేక ఒప్పుకుంటే, కొన్నాళ్లకు కూతురింట వంటకే ఉన్నట్లు అనిపించే ప్రమాదమూ ఉంది. ఆవిడ మాంసం వండరు కాబట్టి ఆదివారం మళ్లీ మీరే పొయ్యి దగ్గరకు వస్తారు, పీట సమస్య అలాగే ఉంటుంది.

కర్రీ పాయింటు నెలల తరబడి నడిపేది కాదు. ఖర్చు, నూనె, ఉప్పు మీ చేతిలో ఉండవు. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడకుండా కట్టడి చేయడానికి ఆహార భద్రతా సంస్థ 2018 జులై 1 నుంచి ఒక హద్దు పెట్టింది, నూనెలో పాడైన పదార్థాల వంతు 25 శాతం దాటితే ఆ నూనె పారబోయాలి. మీ వీధిలో అది ఎంతవరకు అమలవుతోందో మీరు చూడలేరు. తప్పనిసరి రోజుల్లో తెచ్చుకుంటే, వేడి కూర పల్చని ప్లాస్టిక్ సంచిలో కట్టించుకోకుండా స్టీలు క్యారియర్ పట్టుకెళ్లండి, తెచ్చిన వెంటనే తినండి. బయటి కూరకు కూడా రెండు గంటల లెక్కే వర్తిస్తుంది. వంటమనిషిని పెట్టుకోవడం మీ జీతాలకు భారం కాకపోతే మంచి ఏర్పాటే, ముఖ్యంగా మీ భార్యకు నైట్ డ్యూటీలు పడే వారాల్లో. అయితే ఆ మనిషి పీట, గుడ్డ, మిగిలిన అన్నం ఎవరైనా చూసుకోవాలి కదా, ఆ చూసుకునేవారికి పద్ధతి తెలిసి ఉండాలి.

నా మొగ్గు పంచుకోవడం వైపు ఉంది. ఉదయం మీరు ఆఫీసుకు బయలుదేరే హడావుడిలో పప్పో, చారో అత్తగారు చూసుకుంటారు, కూరగాయలు ముందురోజు రాత్రే మీరు తరిగి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి. రాత్రి వంట పూర్తిగా మీది. మాంసం ఆదివారమే, దాని పీట, కత్తి, గిన్నె వేరే అరలో. దీనివల్ల మొదట్లో కొన్ని వారాలు పని నెమ్మదిస్తుంది, మీ సొంత వంటింట్లో మరొకరి మాట వినవలసి వస్తుంది, అది మీకు కొంత కష్టంగా ఉంటుంది. మీకు ఆ ఓపిక ఇప్పుడు లేదనిపిస్తే నెలరోజులు వంటమనిషిని పెట్టుకుని తర్వాత మొదలుపెట్టినా నష్టం లేదు. అబ్బాయి మీ చేతి వంట తినడానికి జంకుతున్నాడన్నారు. వాడిని బలవంతపెట్టవద్దు. ముద్దపప్పు, నెయ్యి, చారు వంటి వాడికి తెలిసిన వంటలతో మొదలుపెట్టి, బఠాణీలు ఒలవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం మీతో పాటు వాడితో చేయించండి. తను చూస్తుండగా తయారైన అన్నం పిల్లలు తొందరగా నమ్ముతారు. ఫ్రైడ్ రైస్ జోలికి కొన్నాళ్లు వెళ్లకండి.

ఇక మీ భార్యతో మాట. ఆవిడ నర్సు, కలుషితాహారం వల్ల పిల్లలు ఏ స్థితిలో ఆసుపత్రికి వస్తారో రోజూ చూస్తారు. ఆ ఉదయం ఆవిడ నోట వచ్చిన మాట రాత్రంతా నిలబడిన అలసటలోంచి, తను ఇంట్లో లేనప్పుడు బిడ్డకు అలా అయిందన్న భయంలోంచి వచ్చింది. అందుకని మీకు బాధ కలగకూడదని కాదు, ఆ బాధ ఆవిడకు తెలియాలి. కానీ నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఉదయం కాకుండా ఆవిడ నిద్ర తీరిన సెలవు రోజు చూసుకోండి, అత్తగారు వినేంత దూరంలో లేనప్పుడు మాట్లాడండి. ముందుగా మీరు మార్చబోయే పనులు చెప్పండి: అన్నం ఏ పూటది ఆ పూటే, మాంసానికి వేరే పీట, పొద్దున వంటలో అత్తయ్యగారి సాయం. ఆ తర్వాతే, ‘అమ్మ చెప్పింది అని నువ్వన్నప్పుడు రెండేళ్లు చేసిందంతా ఒక్క మాటతో పోయినట్లు అనిపించింది’ అని చెప్పండి. ఇకమీదట వంట గురించి ఏమైనా ఉంటే అత్తయ్యగారు నేరుగా మీకే చెప్పవచ్చని, ఆ మాట మీరే ఆవిడతో అంటానని కూడా చెప్పండి. తల్లికీ భర్తకూ మధ్య కబుర్లు మోసే పని తప్పితే, మీ భార్యకు అది అన్నిటికన్నా పెద్ద విశ్రాంతి.